దొంగ జేబు

"పాత గుడ్డముక్కలతో పర్సు కుట్టుకోవడం ఎలా?" ఈ శీర్షిక చూడని ఆడది తెలుగునాట వుండదు. వెనకటికి వారపత్రికల్లో వంటింటి చిట్కాల పక్కన పడేది. ఇప్పుడు ఫోనులో వీడియోగా వస్తోంది. తెర మారింది గానీ మాట మారలేదు. "పైసా ఖర్చు లేకుండా!" అని మొదలుపెడతారు. "మీ పొదుపు చూసి మీవారు మెచ్చుకుంటారు" అని ముగిస్తారు. ఆ మొదటి మాటతోనూ, ఈ చివరి మాటతోనూ కూడా నాకు తగువుంది. మధ్యలో వున్న పర్సుతో మాత్రం లేదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే, సూదిలో దారం ఎక్కించడం చేతకాక ఈవిడ ఇలా రాస్తోందని మీరు అనుకోగలరు.

పర్సు మంచిదే. ఇంట్లో కుట్టినది మరీ మంచిది. బజార్లో దొరికే చవకరకం రెక్సిన్ పర్సు రెండు వానాకాలాలు చూసేసరికి ఉల్లిపొట్టులా రాలిపోతుంది. మగవాళ్ళ పర్సు ప్యాంటు వెనకజేబు కొలతకి పుట్టింది; మన చీరకి వెనకజేబు లేదు, ముందుజేబూ లేదు. ఇక హ్యాండ్‌బ్యాగు అంటారా, బస్సులో కండక్టరు ఎదురుగా నిలబడి వుండగా, అందులో చిల్లర వెతకడం బావిలో పడ్డ చేద వెతకడంతో సమానం. కాబట్టి కుట్టుకోండి. నేనే చెప్తాను.

పొట్టయిపోయిన జీన్సు ప్యాంటు కాలు ఒకటి తీసుకోండి. ఊచలు విరిగిన గొడుగు గుడ్డ, మిగిలిపోయిన జాకెట్టు గుడ్డ, ఒక టిచ్ బటన్ వుంటే చాలు. పైకి జీన్సు ఎందుకంటే అది మందం. బక్రం కొనకుండానే పర్సు ఆకారం నిలబడుతుంది. లోపలికి గొడుగు గుడ్డ ఎందుకంటే తడి దిగదు. జాకెట్టు గుడ్డ కంటికి ఇంపు కోసం. పట్టుచీర అంచు ముక్క వుంటే పైన ఒక వరస కుట్టుకోండి, ఎవరూ కాదనరు.

జానెడు పొడుగు, బెత్తెడు మీద కాస్త వెడల్పు కత్తిరించండి. టేపు లేందే కత్తెర పట్టనివాళ్ళకి 22 సెంటీమీటర్లు, 11 సెంటీమీటర్లు. జీన్సు ముక్క ఒకటి, అదే కొలతకి గొడుగు గుడ్డ ఒకటి. మంచివైపులు రెండూ ఎదురెదురుగా పెట్టి, చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి కుట్టండి. ఒకచోట నాలుగువేళ్ళ సందు వుంచి, అందులోంచి దిండు గలీబు తిరగేసినట్టు తిరగేసి, సందు మూసేయండి. ఇలాంటి పలకే ఇంకొకటి, ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గించి తయారు చేయండి. దీనికి జీన్సు వద్దు, మందం ఎక్కువై సూది విరుగుతుంది. జాకెట్టు గుడ్డ చాలు. దానిమీద కార్డులకి చిన్న అరలు కుట్టండి. పలకలు రెండూ కలిపి, రెండు పక్కలా, అడుగునా కుట్టి, పైన వదిలేస్తే అది నోట్ల అర. మధ్యకి మడిచి బటన్ పెడితే పర్సు.

ఇందులో ఒక కిటుకు వుంది. రెండో పలకకి ఆ నాలుగువేళ్ళ సందు పైఅంచున వుంచి, మూయకుండా వదిలేస్తే, పొరల మధ్య ఇంకో అర వస్తుంది. పైకి కనపడదు. దీన్ని దర్జీలు దొంగ జేబు అంటారు. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం. అంతవరకూ ఆ సందుని అలాగే వుంచండి.

ఈ కొలతలు నా ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. 2016లో రద్దు కాకముందు 500 నోటు పొడుగు 167 మిల్లీమీటర్లు, ఎత్తు 73. ఇప్పటి 500 నోటు పొడుగు 150, ఎత్తు 66. పాతరకం వంద నోటు ఇంకా చెల్లుతుంది కనక దాని 73 మిల్లీమీటర్ల ఎత్తుకీ చోటుండాలి. నోటు కుంచించుకుపోయింది, దాంతో వచ్చే కూరలు అంతకన్నా కుంచించుకుపోయాయి. పర్సుకి మాత్రం ఆ పాత ఎత్తు ఇంకా తప్పలేదు.

ఇప్పుడు "పైసా ఖర్చు లేకుండా" అన్న మాట దగ్గరికి వద్దాం. గుడ్డకి ఖర్చు లేదు, నిజమే. చేత్తో కుట్టేవాళ్ళకి ఈ పర్సు రెండు మధ్యాహ్నాల పని. ఆ రెండు మధ్యాహ్నాలూ ఎవరివి? ఎవరి కళ్ళు గుంజాయి, ఎవరి మెడ పట్టేసింది? జాకెట్టు దర్జీకి ఇస్తే కుట్టుకూలీ అడుగుతాడు, మనం బేరమాడి అయినా ఇస్తాం. ఇంట్లో ఆవిడ కుడితే అది "ఊరికే". శిల్పారామంలో ఇలాంటిదే గుడ్డముక్కలు అతికిన పర్సు వేలాడగడితే, దాన్ని చేతిపని అంటాం, కళ అంటాం, అడిగిన ధర ఇచ్చి కొంటాం. అదే గుడ్డ, అదే సూది, అలాంటి చెయ్యే. గుమ్మం దాటితే కళ, దాటకపోతే కాలక్షేపం!

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. నేను ఆర్ట్స్ చదివినదాన్ని, లెక్కలు అంతంతమాత్రం. అయినా 289లోంచి 88 తీసేస్తే 201 మిగులుతుందని తెలుసు. ఆ 201 నిమిషాల పేరే "పైసా ఖర్చు లేకుండా". "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అన్న సామెత ఎవరిని చూసి పుట్టిందో ఎవరూ రాసి పెట్టలేదు. రాయక్కర్లేదు కూడా, ఏ వంటింట్లోకి తొంగిచూసినా తెలుస్తుంది.

అయితే నా అసలు తగువు కూలీ గురించి కాదు. పర్సు కుట్టడం వంద రకాలుగా నేర్పినవాళ్ళు, అందులో ఏం పెట్టుకోవాలో ఒక్కరూ చెప్పరేం? పర్సు అంటే డబ్బు పెట్టుకునేది కదా! సీసా చేయడం నేర్పి, నూనె ఊసెత్తకపోతే ఎలా?

మన భాషనే చూడండి. మగవాడికి జేబు వుంది, జేబు ఖర్చు వుంది. ఆడదానికి కొంగు వుంది, కొంగున ముడి వుంది. అడిగిన వరాలన్నీ ఇచ్చే దేవుణ్ణి "కొంగుబంగారం" అంటాం. ఎంత అందమైన మాట! ఆడదాని ఆస్తి కొంగున ముడివేసుకునేంత చిన్నదిగా వుండాలని మన పెద్దలు అనుకున్నారేమోనని నాకు అనుమానం. ఆ కొంగైనా ఆవిడదేనా అంటే, పెళ్ళినాడే దాన్ని ఇంకొకరి ఉత్తరీయానికి ముడివేసేశారు!

వెనకటి ఆడవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. పట్టు పేలికలన్నీ ఏరి, రంగురంగుల ముక్కలు అతికి, మూతికి తాడు దూర్చి, వక్కల సంచి కుట్టుకునేవారు. పగలంతా అది రొంటిన వుండేది. మా మేనత్తకి అలాంటిది వుండేది. పై అరలో ఆకూ వక్కా, లోపలి అరలో రూపాయి బిళ్ళలు. పిల్లలం తమలపాకు అడిగితే వెంటనే ఇచ్చేది. రెండో అర జోలికి వెళితే చెయ్యిమీద ఒకటి పడేది. ఆ డబ్బు మా మామయ్యకి తెలియదు. తెలియనివ్వదు. నలభై ఎకరాల ఆసామీ భార్య, వక్కపొడి మాటున పదకొండు రూపాయలు దాచుకునేది! మేమంతా దాన్ని చూసి నవ్వేవాళ్ళం. ఆవిడ ఎందుకు దాచుకోవలసి వచ్చిందని మాత్రం ఆ ఇంట్లో ఎవ్వరూ అడగలేదు.

రొంటి సంచి పోయి పోపులపెట్టె వచ్చింది. బియ్యం డబ్బా అడుగు, దేవుడి పటం వెనక, బీరువాలో పాత పట్టుచీర మడత, ఇవన్నీ మనం కుట్టని పర్సులే. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినప్పుడు, దేశంలో ఎన్ని వంటిళ్ళు గుండె పట్టుకున్నాయో గుర్తుందా? గృహిణులు 2.5 లక్షల రూపాయల లోపు బ్యాంకులో వేసుకుంటే ఆదాయపు పన్ను వాళ్ళు అడగరని ప్రభుత్వం ప్రకటించింది. పన్ను వాళ్ళు అడగలేదు. ఇంట్లోవాళ్ళు అడిగారు. "ఇంత దాచావా?" అన్నారు. భార్యల నల్లధనం బయటపడిందని ఊరంతా జోకులు వేసుకుంది. పాలవాడి దగ్గర మిగిల్చి, ఆటో ఎక్కకుండా నడిచి, చీర మానుకుని పోగేసిన డబ్బు నల్లధనమట! మా పక్కింటావిడ పన్నెండు వేలు తెచ్చి, "నా పేరున వేసుకోండి వదినగారూ, మావారికి తెలిస్తే బావుండదు" అంది. ఆయన తాగుబోతా, తిట్టుబోతా అంటే ఏమీ కాదు, బంగారంలాంటి మనిషి. బంగారంలాంటి మనిషికి తెలిస్తే బావుండకపోవడం ఏమిటి? నా ప్రశ్నంతా అక్కడే వుంది.

"ఇప్పుడు పర్సెందుకండీ, ఫోనులోనే అన్నీ" అంటారు. యూపీఐ కూడా 2016లోనే వచ్చింది లెండి. కూరలబండి మీద కూడా గళ్ళగళ్ళ బొమ్మ అతికించి వుంటోంది. చాలా సుఖం. కానీ ఆ ఫోను ఏ ఖాతాకి ముడిపడి వుందో చూసుకున్నారా? కొత్తిమీర కట్ట కొంటే మీవారి ఫోను టింగుమనే ఇళ్ళు నేను ఎరుగుదును. "ఇందాక నూట ఎనభై దేనికి?" అని ఆఫీసు నుంచి ఫోను. కోపంగా కాదండోయ్, మామూలుగానే అడుగుతారు. మా మేనత్త రొంటి సంచిలోకి మామయ్య తొంగిచూడలేకపోయాడు. ఈ కొత్త పర్సులోకి ఆయనెక్కడున్నా తొంగిచూడవచ్చు. మనం ముందుకు వెళ్ళామో వెనక్కి వెళ్ళామో మీరే చెప్పండి.

వుద్యోగం చేసేవాళ్ళ సంగతి వేరనుకుంటాం. మా వీధిలో ఒక టీచరమ్మ వుంది. ఒకటో తారీఖున జీతం ఆవిడ ఖాతాలోనే పడుతుంది. ఏటీఎం కార్డు వాళ్ళాయన పర్సులో వుంటుంది. "నాకు ఆ మిషన్ల గొడవ తెలీదండీ" అంటుంది నవ్వుతూ. తొమ్మిదో తరగతికి గణితం చెప్పే మనిషి! నాలుగంకెల లెక్క తెలియదట!

ఇక్కడికి వచ్చేసరికి ఒక మాట వినపడుతుంది. "మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటండీ? ఇద్దరిదీ ఒకటే డబ్బు." వినడానికి ఎంత బావుంది! నిజంగా ఒకటే అయితే నాకు అభ్యంతరం ఏముంది? కానీ ఒకటే డబ్బయినప్పుడు ఒకరు "ఇస్తున్నాను" అనడం, ఇంకొకరు "అడిగాను" అనడం ఏమిటి? సాయంత్రం లెక్క ఒక్కరే ఎందుకు చెప్పాలి? ఆయన స్నేహితుడికి అయిదువేలు చేబదులిస్తే అది మంచితనం. ఆవిడ చెల్లెలికి అయిదొందలు పెడితే పుట్టింటికి దోచిపెట్టడం. ఒకటే సొమ్ముకి రెండు పేర్లెలా వస్తాయి?

చట్టానికి ఈ అయోమయం లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను, హిందూ స్త్రీ చేతిలో వున్న ఆస్తికి ఆవిడే పూర్తి హక్కుదారని చెప్పింది. 1985లో సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో, స్త్రీధనం అత్తవారింట వున్నంతమాత్రాన అది భర్తది అయిపోదని చెప్పింది. కోర్టు చెప్పింది సరే. మనం చెప్పామా? ఇంట్లో, కాఫీ తాగుతూ, గొంతు పెంచకుండా ఎప్పుడైనా "ఇది నాది" అన్నామా? అనం. మనం దాచుకుంటాం. దాచుకోవడం తేలిక, అనడమే కష్టం.

పొదుపంటే నాకు పడదని అనుకోకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలై, ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. ఆ ఆడవాళ్ళే తర్వాత రోజుకో రూపాయి కూడబెట్టి సంఘాలు పెట్టుకున్నారు. అదీ పొదుపే. కానీ దాని పద్ధతి చూడండి. పుస్తకంలో పేరు రాసి, పదిమందిలో కూర్చుని, గట్టిగా లెక్కచెప్పి దాచిన రూపాయి అది. ఎవరి మెప్పు కోసమూ కాదు. చాటుమాటుగానూ కాదు. బడికెళ్ళని ఆ తల్లులు చేసిన పని, డిగ్రీలు చదివిన మనం పోపులపెట్టె ముందు నిలబడి చేయలేకపోతున్నాం. మన పొదుపుని "మీవారు మెచ్చుకుంటారు" అన్నప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు. పొదుపు చేసినదానికి కావలసింది మెప్పు కాదు, పొదుపు చేసిన డబ్బు. ఆ పర్సు వల్ల రెండొందలు మిగిలాయా? మిగిలిన రెండొందలు ఎక్కడున్నాయి? ఆవిడ పర్సులో వున్నాయా, లేక ఇంటి ఖర్చులో కలిసిపోయి మాయమయ్యాయా? మెచ్చుకునే పెద్దమనిషిని ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

ఇప్పుడు దొంగ జేబు దగ్గరికి వద్దాం. సందు మూయకుండా అలాగే వుంచారు కదూ?

ఒక మినహాయింపు ముందు చెప్పాలి. తాగొచ్చి కొట్టి లాక్కుపోయే మనిషి వున్న ఇంట్లో దాచుకోవడం తెలివి, ధైర్యం కూడా. పిల్లల ఫీజు దానిమీదే ఆధారపడి వుంటుంది. అలాంటి తల్లికి నేను ఒకటి కాదు, నాలుగు దొంగ జేబులు నా చేత్తో కుట్టి పెడతాను. ఆవిడకి నీతులు చెప్పే అర్హత ఎవరికీ లేదు.

నేను మాట్లాడేది మనతో. మంచి మొగుళ్ళున్న మనతో. కొట్టరు, తిట్టరు, పండక్కి చీర కొంటారు, "నీకు కావలసింది అడుగు" అంటారు. ఆ "అడుగు" అన్న మాటలోనే తంటా అంతా వుంది. అడగడం ఇష్టంలేక దాచుకుంటున్నాం. దాచుకున్నందుకు లోలోపల కుంచించుకుపోతున్నాం. తన కష్టంతో మిగిల్చుకున్న డబ్బుని తనే దొంగలా తడుముకుని చూసుకునే దౌర్భాగ్యం ఇంకెవరికైనా వుందా? మగవాళ్ళ లాల్చీకీ, కోటుకీ కూడా లోపల జేబు వుంటుంది. అది జేబుదొంగల భయానికి. అంటే ఆయన దాచేది దొంగల నుంచి. మనం దాచేది ఇంట్లోవాళ్ళ నుంచి. దర్జీ రెండింటికీ ఒకటే పేరు పెట్టాడు గానీ, రెండూ ఒకటి కావు.

"అడిగితే గొడవవుతుంది కదండీ" అంటారు. కావచ్చు. మూడురోజులు కూర బాగాలేదనవచ్చు, నాలుగోరోజు మామూలే. కట్టుకున్నవాడు మంచివాడైతే అయిదోరోజుకి ఆలోచిస్తాడు. ఆలోచించకపోతే, ఇన్నేళ్ళూ మనం అనుకున్నంత మంచివాడు కాడని తెలుస్తుంది. అది తెలియడమూ ఒక లాభమే. పిల్లలు చూస్తున్నారన్నది ఇంకో సంగతి. అమ్మ పోపులపెట్టెలో చెయ్యిపెట్టి, అటూఇటూ చూసి, వంద తీసి, "నాన్నకి చెప్పకు" అన్న రోజున, ఆడపిల్ల ఒక పాఠం నేర్చుకుంటుంది, మగపిల్లవాడు ఇంకో పాఠం నేర్చుకుంటాడు. ఆ పాఠాలు ఏ పుస్తకంలోనూ లేవు, అయినా జన్మంతా మరిచిపోరు.

కాబట్టి పర్సు కుట్టండి. తప్పకుండా కుట్టండి. జీన్సు గుడ్డతో కుట్టండి, గొడుగు గుడ్డతో కుట్టండి, పెళ్ళినాటి పట్టుచీర అంచు వేసి మరీ కుట్టండి. మీ పేరున మీ చేత్తో తెరిచే ఖాతా ఒకటి పెట్టుకోండి, ఆ కార్డు ఈ పర్సులో మొదటి అరలో పెట్టండి. అంకెలు మీరే నొక్కడం నేర్చుకోండి. బ్యాంకు కబురు మీ ఫోనుకే వచ్చేటట్టు రాసివ్వండి. జీతమున్నవాళ్ళు జీతంలోంచి, లేనివాళ్ళు ఆ 201 నిమిషాల లెక్కన ఇంటి రాబడిలోంచి, ఇంత అని నెలకోసారి తీసి, అందరూ చూస్తుండగా అందులో పెట్టుకోండి. "ఇది నాది" అని పైకి అనండి. "ఎంత బాగా కుట్టావు, ఎంత పొదుపరివి!" అని ఎవరైనా అంటే, "కుట్టుకూలీ ఇందులోనే పెట్టండి" అని పర్సు తెరిచి పట్టండి.

ఆ నాలుగువేళ్ళ సందుని మాత్రం సూది తీసుకుని, దగ్గరదగ్గరగా కుట్లు వేసి మూసేయండి. మనకి దొంగ జేబు అక్కర్లేదు.